కాగులో మరిగిన నీళ్ళు, గుంటలో నిలిచిన నీళ్ళు

మా పాపకు నడక వచ్చింది. గుమ్మం పట్టుకుని లేచి, చేతులు వదిలేసి, ఒకటి రెండడుగులు వేసి చతికిలబడుతోంది. ఇక బెంగ పెట్టుకోవద్దని లేడీ డాక్టరుగారు మొన్న మరోసారి చెప్పారు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. కోపం చల్లారాక రాయమని మిత్రులు అన్నారు. ఏడాది దాటేదాకా ఆగి చూశాను. చల్లారలేదు. ఇంకా ఆగడంలో అర్థం కనిపించలేదు.

నేను ఏలూరులో మద్రాసు దినపత్రిక ఒకదానికి విలేఖరిని. కాలువగట్లు తెగడం, కలరా, పొలం తగాదాలు, కోర్టు తీర్పులు, సభలూ సన్మానాలూ, ఇవే ఇన్నేళ్ళూ రాశాను. ఊరి పేరు, మనిషి పేరు, జరిగిన సంగతి. అంతకు మించి నా అభిప్రాయం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ మాత్రం చెబుతాను. కూతుళ్ళకు పురుళ్ళు పోసే తల్లులూ, ఆసుపత్రులు కట్టించామని చెప్పుకునే పెద్దలూ ఇది చదవాలి. తల్లులకు ఇది జాగ్రత్త. పెద్దలకు ఏమిటో వాళ్ళే తేల్చుకోవచ్చు.

వైశాఖం

పెళ్ళయిన చాలా ఏళ్ళకు నా భార్య సుభద్ర నీళ్ళోసుకుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. వాళ్ళ ఊరు కలిదిండి దాటాక కొల్లేటి ఒడ్డున ఉంది. ఊరి పేరు నా పత్రికలో చాలాసార్లు అచ్చయింది కనుక మళ్ళీ రాయను. సుభద్ర అన్నగారు ఆ ఊరి పంచాయతీకి ప్రెసిడెంటు. నాకు వరసకు బావ. ఇక్కడ ప్రెసిడెంటుగారనే రాస్తాను. ఆ వరస కలపడానికి చెయ్యి రావడం లేదు.

ఖద్దరు కట్టే మనిషి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి వచ్చాడు. ఆ ఊరికి ఆసుపత్రి తెచ్చింది ఆయనే, అది కాదనను. ముందు వరండా, ఒక మందులగది, వెనక నాలుగు మంచాల పురుళ్ళగది. డాక్టరు వారానికొకసారి వచ్చిపోతాడు. తక్కిన రోజులన్నీ మిషనులో చదువుకున్న మిడ్‌వైఫ్ గ్రేసమ్మగారే చూసుకుంటుంది. ఆవిడకు సాయం రాహేలు అనే ఆయా. ఇద్దరూ క్రైస్తవులు. ఊరి బయట హరిజనపేటలో ఉంటారు.

"సొంత చెల్లెలు అక్కడ పురుడు పోసుకుంటే ఊళ్ళో ఆడవాళ్ళ జంకు తీరుతుంది బావగారూ," అన్నాడు ప్రెసిడెంటుగారు.

ఇంట్లో మంత్రసాని ఉండగా ఆసుపత్రి ఏమిటని మా అత్తగారు గొణిగింది. సుభద్ర మాత్రం అన్నగారి మాట తీసెయ్యలేదు. నేనూ సంతోషించాను. కాచిన నీళ్ళు, ఉతికిన గుడ్డలు, చదువుకున్న మనిషి. ఇంతకంటే ఏం కావాలి?

ఆ ఊరి నీళ్ళ సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. కొల్లేటి ఒడ్డున ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి. ఊరంతా కాలువ నీళ్ళే తాగుతుంది. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. అప్పుడు తాగునీటికి కటకట. ఆసుపత్రి ఆవరణలో తవ్విన నూతిలో మాత్రం తియ్యటి నీళ్ళు పడ్డాయి. అది ఆసుపత్రి కోసం, ఆసుపత్రి సొమ్ముతో తవ్విన నుయ్యి.

వైశాఖంలో కాలువలు కట్టేసి ఉన్న రోజుల్లో పాప పుట్టింది. కబురు అంది నేను వెళ్ళేసరికి సుభద్ర మంచం మీద దిండుకు ఆనుకుని కూచుని, గ్రేసమ్మగారితో ఏదో చెప్పి నవ్వుతోంది.

"అంతా వాళ్ళ నాన్నగారేనండీ. నోరు తెరిచిందంటే మూయదు," అంది గ్రేసమ్మగారు నన్ను చూసి.

"ఈయన నోరు మీరెప్పుడు విన్నారండీ? ఈయన చెప్పాల్సిందంతా కాగితం మీదే," అంది సుభద్ర.

పక్క మంచం మీద పోలమ్మ అనే పిల్ల ఉంది. కొల్లేటి నడుమ లంకలో ఉండే చేపలవాళ్ళ కోడలు. రెండు కాన్పులు పోయాక, ఈసారైనా దక్కుతుందని మొగుడు ఆసుపత్రికి తీసుకొచ్చాడు. మా పాపకంటే ముందే మగపిల్లవాడు పుట్టాడు. పోలమ్మ వాణ్ణి కింద పెట్టేది కాదు. నన్ను చూస్తే ముసుగు లాక్కుని, ముసుగులోంచే "మా వోడికి జుట్టు సూడండి బాబుగోరూ, ఎంత ఒత్తో" అనేది.

ఆ పిల్లవాడు పాలు తాగడం మానేశాడు. తరవాత ఏడవడం మానేశాడు. మర్నాడు పొద్దెక్కేవేళకు పోయాడు. పోలమ్మ అరవలేదు. వాణ్ణి ఒడిలో పెట్టుకుని ఒత్తు జుట్టు దువ్వుతూ కూచుంది. మొగుడు వచ్చి గుడ్డలో చుట్టి తీసుకుపోయాడు.

నేను వరండాలో ఉన్నాను. ప్రెసిడెంటుగారు నా పక్కన నిలబడ్డాడు.

"లంకవాళ్ళ పిల్లలు అంతే బావగారూ. పుడుతుంటారు, పోతుంటారు. ఆ కొల్లేటి గాలి అలాంటిది."

నా ఉద్యోగంలో ఇతరుల మాటలు అప్పటికప్పుడు రాసుకోవడం అలవాటు. ఆ మాట రాసుకోలేదు. రాసుకోవలసిన అవసరం లేకపోయింది.

పోలమ్మ వెళ్ళిపోయిన రెండో రోజున సుభద్ర నన్ను లోపలికి పిలిపించింది. "ఏవండీ, పాప పొద్దుట్నుంచీ పాలు పట్టడం లేదు," అంది. ఆమె మొహం చూసి నేను పాపను వెంటనే చూడలేకపోయాను. బొడ్డు చుట్టూ ఎర్రబడింది. దగ్గరికి వంగితే వాసన. అంత ఎండలో పాప కాళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఏలూరు తీసుకుపోండి. ఇప్పుడే. ఇక్కడ ఇంకొక్క పూట కూడా ఉంచకండి," అంది గ్రేసమ్మగారు. ఏడుస్తోంది. ఆ ఏడుపు ఒక్క మా పాప కోసమే కాదని నాకు అప్పుడు తెలియలేదు.

మా అత్తగారు బండికి అడ్డం నిలబడింది. "పురిటిస్నానం కాని బాలింతను పొలిమేర దాటిస్తారా? లోకంలో ఎక్కడైనా ఉందా? దిష్టి తీయిస్తాను, రేపటికి తగ్గుతుంది."

"అమ్మా, తప్పుకో. లేకపోతే నీ మీంచే పోనిమ్మంటాను బండిని," అంది సుభద్ర. తల్లితో ఆమె అలా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

ఎండాకాలం కనుక కొల్లేరు చాలామేర ఎండి బండిబాట పడింది. నెర్రెలు విచ్చిన ఆ నేల మీద బండి అదురుతుంటే సుభద్ర పాపను గాలిలో ఎత్తి పట్టుకుంది. చేతులు మారుద్దామంటే ఇవ్వలేదు. "ఊపిరి ఉందా?" అని నేనడగడం, "ఉంది" అని ఆమె చెప్పడం, దారి పొడుగునా అదే మాట. ఒకసారి నేనడిగితే ఆమె వెంటనే బదులు చెప్పలేదు. ఆ క్షణాన్ని ఎవరికి అప్పచెప్పాలో నాకు అప్పుడు తెలియదు. తరవాత తెలిసింది.

జ్యేష్ఠం

ఏలూరులో లేడీ డాక్టరుగారి ఆసుపత్రి ముందుగదిలో ఒక పొడుగాటి బల్ల ఉంది. జ్యేష్ఠమాసం చాలామటుకు నేను ఆ బల్ల మీదే గడిపాను. లోపలికి మగవాళ్ళను రానివ్వరు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా బల్ల మీద వాళ్ళమంతా ఒక్కసారిగా లేచేవాళ్ళం. పిలుపు ఒకరికే. తక్కినవాళ్ళం మళ్ళీ కూచునేవాళ్ళం. ఎవరికీ మరొకరి మొహం చూసే ధైర్యం ఉండేది కాదు.

మొదటిరోజున డాక్టరుగారు బయటికి వచ్చి చెప్పారు. "చీము లోపలికి పాకింది. ఆశ పెట్టను. అలాగని వదిలెయ్యను. ముందు ఒళ్ళు వెచ్చబడాలి."

వడగాడ్పు కొట్టే ఎండలో ఒక పసిబిడ్డ ఒళ్ళు వెచ్చబడాలని లోపలా బయటా అందరం తంటాలు పడ్డాం. బల్ల చివర తివాచీలు నేసే ఇంటి ముసలమ్మ ఒకావిడ ఉండేది. కోడలు లోపల ఉంది. ఆవిడ నన్నేమీ అడగలేదు. ఇంటికి వెళ్ళి మెత్తటి ఉన్నితివాచీ ముక్క ఒకటి తెచ్చి, "ఉడకబెట్టి ఎండేశానయ్యా, బిడ్డ కింద వెయ్యండి," అని నా చేతిలో పెట్టింది. ఆవిడ పేరు అడగాలన్న తెలివి నాకు లేకపోయింది. పేర్లు అడగడమే వృత్తిగా బతికినవాణ్ణి.

సుభద్ర పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా నాలిక మీద వేసేవారు. సగం పెదవుల మీంచి కారిపోయేది. చుక్క మింగినప్పుడల్లా నర్సు లోపలి నుంచి కేకేసి చెప్పేది. బల్ల మీద ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా "మింగిందిట" అని ఒకరికొకరు చెప్పుకునేవారు.

పాప కాస్త కళ్ళు తెరిచిన రోజున డాక్టరుగారు మమ్మల్నిద్దర్నీ కూచోబెట్టి అడిగారు.

"అక్కడ పాపకు స్నానం ఏ నీళ్ళతో చేయించారు?"

"కాచిన నీళ్ళేనండీ," అంది సుభద్ర. "కాగు కళపెళ మరగడం నేను మంచం మీంచే చూశాను. గ్రేసమ్మగారు ఆ విషయంలో ఎంత పట్టుదలండీ!"

"మరిగే నీళ్ళు బిడ్డ మీద పోయరు కదమ్మా. చల్లారనిచ్చారా?"

"చల్లారనివ్వడం ఎందుకండీ, చన్నీళ్ళు కలిపారు. ఎవరైనా కలుపుతారు కదండీ."

"ఆ చన్నీళ్ళు ఎక్కడివి?"

సుభద్రకు తెలియదు. నా వైపు చూసింది. నాకూ తెలియదు. అడిగితే ఎవరూ అబద్ధం చెప్పేవాళ్ళు కారు. మనదేశంలో ప్రతి ఇంట్లో ప్రతి తల్లీ చేసే పనే అది. కాగులోంచి వేడినీళ్ళు ముంచి, పక్కనున్న తొట్టిలోంచి చన్నీళ్ళు పోసి, చెయ్యి పెట్టి చూసుకుని బిడ్డకు పోస్తుంది. అది ఒక పని అని కూడా ఎవరికీ అనిపించదు. అందుకే ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు.

పాప గండం గడిచిందనుకున్నాక నేను ఒక్కణ్ణే ఆ ఊరు వెళ్ళాను. అత్తవారింటికి వెళ్ళలేదు. నేరుగా ఆసుపత్రి వరండాలో కూచున్నాను. పొద్దున్నే పెద్దవీధి ఆడవాళ్ళు బిందెలతో వరసగా వచ్చారు. ప్రెసిడెంటుగారి పాలేరు నూతి మీది ఇనపమూత తాళం తీశాడు. ఆడవాళ్ళు తోడుకుపోయారు. చివరికి పాలేరు తన చేత్తో తోడి పురుళ్ళగది కాగు నింపాడు. మూత వేసి, తాళం వేసి, చేదా తాడూ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆసుపత్రి నూతి మీద ఆసుపత్రికి దక్కింది ఆ ఒక్క కాగు.

కాసేపటికి రాహేలు కుండతో బయటికి వచ్చింది. నుయ్యి పక్కనుంచి, దానివైపు చూడకుండా, ఆవరణ వెనక్కి నడిచింది. అక్కడ పొలాలకు నీళ్ళు పారే బోదె చివర ఒక గుంట. కాలువలు కట్టేశాక బోదెలో మిగిలిన నీళ్ళన్నీ అందులో పచ్చగా నిలిచి ఉన్నాయి. గేదెలు దిగి ఉన్నాయి. రాహేలు చేత్తో నాచు పక్కకు తోసి కుండ ముంచింది. పైటచెంగు అడ్డం పెట్టి వడకట్టింది. తెచ్చి పురుళ్ళగది తొట్టిలో పోసింది.

"నుయ్యి ఇక్కడుండగా అటెందుకు రాహేలూ?" అన్నాను.

"మాకు నుయ్యి లేదు కదండీ," అంది, నాకు ఆమాత్రం తెలియదా అన్నట్టు. "నేను గానీ, గ్రేసమ్మగారు గానీ మూత ముట్టుకోకూడదని ప్రెసిడెంటుగారు గట్టిగా చెప్పారండి. కాగు నీళ్ళు అట్టే ఉండవండి. గుడ్డలకీ, కాన్పులకీ అయిపోతాయి. స్నానాల్లోకి కలపడానికి ఇవే."

గ్రేసమ్మగారు గుమ్మంలో నిలబడి వింటోంది. "నేను మూడుసార్లు వెళ్ళి అడిగానండీ. కాలువలు వదిలేదాకా ఓపిక పట్టమన్నారు," అంది. "ఈలోగా ఎంతమంది పోయారో నేను మీకు చెప్పలేనండీ. చెప్పమని అడగకండి."

అప్పుడు వెళ్ళాను అత్తవారింటికి. ప్రెసిడెంటుగారు మజ్జిగ తెప్పించాడు. తాగలేదు.

"నూతికి తాళం మీరే వేయించారా?"

"మన ఆడవాళ్ళు తాగే నుయ్యి బావగారూ. ఆ నర్సమ్మా ఆయా ముట్టుకున్నారంటే పెద్దవీధి నుంచి ఒక్క మనిషి ఆసుపత్రి గడప తొక్కదు. అన్నీ తెలిసినవారు మీరు. నేను చేసింది ఆసుపత్రి నిలబడాలనే."

"పసివాళ్ళకు గుంటనీళ్ళు పోస్తున్నారు."

"వేడినీళ్ళలో కలిపాక ఇంక దోషమేముంది? పాపకు నయమైందిగా? ఇంతటితో వదిలెయ్యండి."

నేను వదిలెయ్యలేదు. వదలకూడదని ఆ వాకిట్లోనే నిశ్చయించుకున్నాను. నిశ్చయించుకున్నాక నాకు ఎంతో హాయిగా అనిపించింది. ఇది చదివేవాళ్ళు నన్ను ఏమనుకున్నా సరే, ఉన్నమాట రాయాలి కనుక రాస్తున్నాను.

ఆషాఢం

"అన్నయ్య పేరు రాయకండీ," అంది సుభద్ర. పాపను తీసుకుని ఇంటికి వచ్చేశాం. పాప ఇంకా చేటలో పిడికెడంత ఉండేది. "ఏదో తెలియక చేశాడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ నాకు ఆ గుమ్మం కావాలి."

"తెలిశాక ఏం చేశాడు?"

ఆ ఇంట్లో చాలా రోజులు మా మధ్య మాటలు పాప గురించే తప్ప మరొకటి లేవు.

ఆషాఢంలో తాడేపల్లిగూడెంలో హరిజనోద్ధరణ సభ జరిగింది. నేను పత్రిక తరఫున వెళ్ళాను. ప్రెసిడెంటుగారు ప్రధాన వక్తల్లో ఒకరు. బాగా మాట్లాడాడు. నూతి దగ్గర మనిషిని అడ్డగించేవాడు దేశానికి ద్రోహి అన్నాడు. గంగమ్మకు కులం లేదన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను వేదిక కిందే కూచుని ఒక్క అక్షరం పోకుండా రాసుకున్నాను. ఆయన నన్ను చూసి, బంధువుని గనుక ఘనంగా వేస్తాననుకుని కాబోలు, కొంచెం నెమ్మదిగా కూడా మాట్లాడాడు.

ఘనంగానే వేశాను. ఒక కాలమ్‌లో ఆయన ఉపన్యాసం, ఆద్యంతం. పక్క కాలమ్‌లో ఆయన ఊరి ఆసుపత్రి నుయ్యి, దాని ఇనపమూత, తాళం, బోదెగుంట, గేదెలు, తొట్టి. నా వ్యాఖ్య ఒక్కటీ లేదు. ఉపన్యాసం ఎంత నిడివో నుయ్యి అంత నిడివి వచ్చేటట్టు చూశాను.

ప్రెసిడెంటుగారు జవాబు రాసి పంపాడు. అదీ అచ్చువేశాం. నూతినీళ్ళే వాడుతున్నారనీ, విలేఖరి కుటుంబ కలహం మనసులో పెట్టుకుని రాశాడనీ, బిడ్డకు జబ్బు చేయడానికి అసలు కారణం తల్లి పథ్యం తప్పడమనీ అందులో ఉంది.

సుభద్ర అది చదివింది. మడిచి పక్కన పెట్టింది. పాపకు పాలిచ్చింది. అప్పుడు అడిగింది, "నేనేం తిన్నానట?"

"అది రాయలేదు."

"కారప్పొడి, ఎర్రన్నం. కాస్త పెరుగు కావాలంటే వద్దన్నారు, మానేశాను," అంది. "ఆసుపత్రి చూడ్డానికి ఎవరో పెద్ద ఆఫీసరు వస్తారన్నారు. ఎప్పుడండీ?"

శ్రావణం

హెల్త్ ఆఫీసరు శ్రావణంలో వచ్చాడు. సుభద్ర ముందురోజే పుట్టింటికి వెళ్ళింది. నేను వద్దనలేదు, రమ్మంటే వెంట వెళ్ళాను. కాలువలు వదిలారు కనుక గుంటలో ఇప్పుడు ఎర్రటి ఒండ్రునీళ్ళు. ఆసుపత్రి వరండాలో కుర్చీలు వేశారు. పెద్దవీధివాళ్ళంతా వచ్చారు. గ్రేసమ్మగారూ రాహేలూ ఒక మూల నిలబడ్డారు.

ప్రెసిడెంటుగారు వినయంగా చెప్పాడు. "ఒకటి రెండుసార్లు బోదెనీళ్ళు తెచ్చి ఉంటారేమోనండీ, నాకు తెలియకుండా. అయినా అవి పారే నీళ్ళు. మా పెద్దలు తరతరాలుగా తాగినవే. వాటివల్ల పిల్లలు చచ్చిపోతారంటే ఎలా నమ్మడమండీ?"

అప్పుడు సుభద్ర వరండా వెనకనుంచి వచ్చింది. చేతిలో రాగిచెంబు. చీర కుచ్చిళ్ళకు బురద.

"అన్నయ్యా, గుంటలోంచి నేనే ముంచాను. రాహేలు ముట్టలేదు. గ్రేసమ్మగారు ముట్టలేదు. ఈ చెంబు మనింటిదే. తాగు."

మా అత్తగారు "ఓసి నీ మొహం మండా, పుట్టింటి పరువు తీస్తావుటే" అని గొణిగింది.

ప్రెసిడెంటుగారు చెంబు అందుకున్నాడు. అందుకోక తప్పలేదు. నోటిదాకా ఎత్తాడు. అందులోకి చూశాడు. దించాడు.

"ఇవాళ నాకు ఉపవాసం," అన్నాడు.

"పొద్దున్న అమ్మ దిబ్బరొట్టె వేస్తే ఇంకో ముక్క వెయ్యమన్నావు కదా! నేనే కదా వడ్డించింది?" అంది సుభద్ర.

పెద్దవీధి ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నేను అచ్చువేసిన రెండు కాలమ్‌ల కంటే గట్టిగా తగిలిందని ఎర్రబడ్డ ఆయన చెవులు చూస్తే తెలిసింది. హెల్త్ ఆఫీసరు చెంబు తీసుకుని తన బల్ల మీద పెట్టుకున్నాడు. తాళంచెవి ఎక్కడుందని అడిగాడు.

ఆ సాయంత్రానికి ఇనపమూత ఊడదీశారు. మొదటి చేద రాహేలు వేసింది. చేద లాగే అలవాటు లేక, సగం నీళ్ళు మళ్ళీ నూతిలోనే పడ్డాయి. కొన్నాళ్ళు పెద్దవీధివాళ్ళు ఆ నూతికి రాలేదు. మళ్ళీ ఎండలు ముదిరి, కాలువలు కట్టేసి, గొంతులు ఎండాక వచ్చారు. కలపడానికి వేరే చన్నీళ్ళు పెట్టకుండా, కాచిన నీళ్ళనే మూతపెట్టి చల్లార్చి వాడాలని గ్రేసమ్మగారు గోడ మీద బొగ్గుతో రాసుకుంది. ఇంట్లో పురుళ్ళు పోసే తల్లులు కూడా ఆ పనే చెయ్యాలి. ఖర్చు లేనిది. కాస్త ముందుగా పొయ్యి రాజెయ్యడమే.

ఇంతటితో అయిపోయిందని అందరూ అన్నారు. నాకు అవలేదు.

కార్తీకం

వానలకు కొల్లేరు నిండాక నేను తాటిదోనె ఎక్కి పోలమ్మ ఉండే లంకకు వెళ్ళాను. ఆ పిల్లవాడు ఎందుకు పోయాడో ఎవరూ ఆమెకు చెప్పలేదు. పోలమ్మ అత్త, ఒక ముసలమ్మ, చుట్ట కాలుస్తూ గడప దగ్గర కూచుంది. నేను నెమ్మదిగా అంతా చెప్పాను. నీళ్ళ సంగతి, నూతి సంగతి, తాళం సంగతి.

పోలమ్మ విన్నది. "మీ పాప బతికిందా బాబుగోరూ?"

"బతికింది."

తలూపింది. గొంతు తగ్గించి అంది. "నా కడుపే మంచిది కాదంటన్నారండి ఈళ్ళు. మూడో బిడ్డని కూడా నేనే తినేశానంటన్నారు. నా మొగుడికి ఇంకో పిల్లని సూత్తన్నారు. మీరు సెప్తే మా అత్త నమ్మదండి. మీరు ఊరోళ్ళు కాదు. ఆ పెసిడెంటుగోరే వొచ్చి సెప్పాల."

ముసలమ్మ చుట్ట నోట్లోంచి తీసి, "ఆయనొత్తే ఇంటాను," అంది.

ప్రెసిడెంటుగారికి కబురు పెట్టాను. తనకు పనులున్నాయన్నాడు. నేను ప్రతివారం పత్రికలో 'ఏలూరు లేఖ' రాస్తాను. ఆ వారం లేఖ చివర, కాలువ వార్తల తరవాత, ఒక వాక్యం కలిపాను: "ప్రెసిడెంటుగారు లంకకు ఇంకా వెళ్ళలేదు." మరుసటి వారమూ అదే వాక్యం. ఆ పై వారమూ అదే. సంపాదకుడు ఎంతకాలమని అడిగితే, అది ప్రెసిడెంటుగారి చేతిలో ఉందన్నాను. తాడేపల్లిగూడెం స్టేషనులో టిక్కెట్టు కలెక్టరు నన్ను చూసి "వెళ్ళారా అండీ?" అని అడిగేవాడు. పెదవేగి నుంచి వచ్చే రైతులు కూడా ఆ వాక్యం చదివాకే పత్రిక మడిచేవారట. వచ్చేది జిల్లా బోర్డు ఎన్నికల కాలం. ప్రెసిడెంటుగారు ఎక్కడ లేచి నిలబడినా, వెనకనుంచి ఎవరో దోనె సంగతి ఎత్తేవారు.

ఒకసారి ఏలూరు వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. "నుయ్యి తెరిచాను. నలుగురిలో నవ్వులపాలయ్యాను. ఇంకా ఏం చెయ్యమంటారు బావగారూ? తప్పయిందంటాను, మీకు చెబుతాను."

"నాకెందుకు చెప్పడం? నా బిడ్డ ఉంది."

సుభద్ర లోపలినుంచి రాలేదు. పాప నవ్వు మాత్రం వినిపించింది. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

కార్తీకం వెళ్ళేలోపల వెళ్ళాడు. నేను రానక్కర లేదన్నాడు. నేను వెళ్ళాను. తెల్లటి ఖద్దరు పంచె, ఉత్తరీయం, వెంట ఇద్దరు మనుషులు. దోనె లంక ఒడ్డుకు చేరింది. దిగకుండా, దోనెలో నిలబడే చెబుదామని చూశాడు. ముసలమ్మ ఒడ్డు మీదనుంచి కదలలేదు. ఆయన దిగాడు. మోకాళ్ళ దాకా కొల్లేటి బురద. లంకలో ఆడా మగా అంతా గుడిసెల్లోంచి బయటికి వచ్చి నిలబడ్డారు.

"నీ కోడలి తప్పేం లేదు," అన్నాడు, ఎక్కడో చూస్తూ. "ఆ నీళ్ళవల్లే జరిగింది."

పోలమ్మ ముసుగు తీసేసి ముందుకు వచ్చింది. "మరి నూతికి తాళం ఎవరేశారండీ?"

ఆయన నావైపు చూశాడు. నేను కొల్లేటివైపు చూశాను.

"నేనే," అన్నాడు.

"మా అత్తకి సెముడండి," అంది పోలమ్మ. "గట్టిగా సెప్పండి."

"నేనే వేశాను!"

ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏటంటన్నాడే?" అంది.

ఆయన మళ్ళీ చెప్పాడు. ఈసారి అరిచాడు. పక్క లంకలో వల ఎండేసుకుంటున్న మనుషులు కూడా ఆగి ఇటు చూశారు.

మొదటిసారి నేను వెళ్ళినప్పుడు ఆ ముసలమ్మ నేను నెమ్మదిగా చెప్పిందంతా విన్నది. కోడలు గొంతు తగ్గించి అన్నదీ విన్నది. ఆ సంగతి నేను ప్రెసిడెంటుగారికి చెప్పలేదు.